షుగర్ లేని మనిషికి షుగర్ మాత్ర ఎందుకు?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా కొండపి మండలంలో ఒక పల్లె. మా నాయనకు 56 ఏళ్లు, పొగాకు రైతు. జనవరి ఆఖర్లో బ్యారన్ (పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే గది) కాడ రాత్రి మేలుకుని ఉండగా గుండెపోటు వచ్చింది. తెల్లారేలోపు ఒంగోలు తీసుకుపోయాం, స్టెంట్ వేశారు. గుండె పంపింగ్ 38 శాతం అని రాశారు. ఆయనకు ముందు షుగర్ లేదు, చేర్చిన రోజు మాత్రం 236 చూపించింది. హెచ్‌బీఏ1సీ (గత మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 5.8. టీఎస్‌హెచ్ మామూలుగానే ఉంది, టీ3 తక్కువ ఉంది (రెండూ థైరాయిడ్ పరీక్షలే). ఆస్పిరిన్, టికాగ్రెలార్, అటోర్వాస్టాటిన్‌తో పాటు బీపీకి వాడే మెటోప్రోలాల్, రామిప్రిల్, ఎప్లెరినోన్, షుగర్‌కు వాడే డాపాగ్లిఫ్లోజిన్ 10 ఇచ్చి పంపారు. ఇంట్లో చూస్తే బీపీ 106/70 ఉంటోంది. "షుగర్ లేనోడికి షుగర్ బిళ్ళేంది, బీపీ లేనోడికి మూడు బీపీ బిళ్ళలేంది, ఆపెయ్యండి" అంటున్నారు మా ఊరి ఆర్‌ఎంపీ. ఇంకొకరు థైరాయిడ్ బిళ్ళ మొదలుపెట్టమంటున్నారు. మా మేనత్త ఇంట్లో ఒకాయన వాడే ట్రైమెటాజిడిన్ గుండెకు బలమట, అది వాడొచ్చా? గ్లూకోజు, తేనె ఇవ్వొచ్చా? నాయన మళ్ళీ బ్యారన్ కాడికి ఎప్పుడు పోవచ్చు?

సమాధానం: ముందుగా, ఆ జాబితాలో ఒక్క మాత్ర కూడా మీ అంతట మీరు ఆపొద్దు. ఆర్‌ఎంపీ గారి అనుమానం పైకి సబబుగానే కనిపిస్తుంది. మందు పేరు పక్కన జబ్బు పేరు రాసుకుని చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ మీ నాయనకు ఆ నాలుగు మాత్రలు ఇచ్చింది షుగరుకూ కాదు, బీపీకీ కాదు. గుండెపోటు వచ్చిన క్షణం నుంచి ఒంట్లో మోగుతున్న హార్మోన్ల ఆపద గంటలను తగ్గించడానికి ఇచ్చారు. స్టెంట్ రక్తనాళాన్ని తెరిచింది, అంతే. ఆ గంటలను అది ఆపలేదు.

ఆ రాత్రి ఏం జరిగిందో చూద్దాం. గుండె రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. దానికి కావలసిన ఏటీపీ అనే శక్తి సరుకు కండరంలో కొన్ని సెకన్లకు సరిపడా మాత్రమే నిల్వ ఉంటుంది. కాబట్టి ఎప్పటికప్పుడు తయారవుతూనే ఉండాలి. మామూలు రోజుల్లో అందులో సగానికి పైగా కొవ్వు ఆమ్లాలను మండించి తెచ్చుకుంటుంది. మిగతాది గ్లూకోజు, లాక్టేటు, కొద్దిగా కీటోన్లు (కొవ్వు నుంచి కాలేయం తయారుచేసే ఇంధనం). అంటే మన గుండె ప్రధానంగా కొవ్వు మీద నడిచే యంత్రం. కొవ్వులో శక్తి ఎక్కువే గానీ ఒక ఇబ్బంది ఉంది. అంతే ఏటీపీ రావడానికి గ్లూకోజు కంటే సుమారు 10 శాతం ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది. ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నప్పుడు ఈ తేడా ఎవరికీ పట్టదు. నాళం మూసుకుపోయినప్పుడు అదే ప్రాణం మీదికి వస్తుంది.

నాళం పూడగానే సెకన్లలో ఆ భాగం ముడుచుకోవడం మానేస్తుంది. ఒళ్ళు దాన్ని ఆపదగా గుర్తించి అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్, కార్టిసాల్, గ్లూకగాన్‌లను ఒకేసారి వదులుతుంది. ఇవి కాలేయంలో దాచిన గ్లూకోజును రక్తంలోకి తోస్తాయి, ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి. 236 అలా వచ్చిందే. కొవ్వు కణాలను కూడా ఇవే కరిగిస్తాయి, రక్తం నిండా కొవ్వు ఆమ్లాలు తేలతాయి. ఇన్సులిన్ మాట చెల్లనందువల్ల గ్లూకోజును కణంలోకి తీసుకునే తలుపులు సరిగా తెరుచుకోవు. కొవ్వు విపరీతంగా వచ్చిపడితే లోపలికి వెళ్ళిన కాస్త గ్లూకోజు కూడా పూర్తిగా మండదు. ఒక ఇంధనం రెండోదాన్ని ఇలా అణచడాన్ని ర్యాండిల్ అనే శాస్త్రవేత్త బృందం 1963లోనే వివరించింది. బ్యారన్ పొయ్యికి గాలి మూసేసి కట్టెలు దట్టిస్తే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. కణంలో పొగ బదులు లాక్టేటు, ఆమ్లం పోగుపడతాయి. ఆ ఆమ్లాన్ని బయటికి తోసే ప్రయత్నంలో సోడియం లోపలికి వస్తుంది, దాని వెనకే కాల్షియం పెరుగుతుంది, గుండె లయ తప్పుతుంది. రక్తంలో కొవ్వు ఆమ్లాలు బాగా పెరిగినవారిలో ప్రమాదకరమైన లయ దోషాలు, మరణాలు ఎక్కువని 1968లో ఎడిన్‌బరో వైద్యులు ప్రచురించారు.

ఇంత తెలిశాక గ్లూకోజు ఎక్కిస్తే సరిపోతుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. వైద్యులకూ అనిపించింది. గ్లూకోజు, ఇన్సులిన్, పొటాషియం కలిపి ఎక్కించే పద్ధతిని మెక్సికో వైద్యుడు సోడి పల్లారెస్ 1962లో ముందుకు తెచ్చారు. చివరికి మన దేశం కూడా పాల్గొన్న పెద్ద పరిశోధనలో 20,201 మంది మీద పరీక్షించి 2005లో ఫలితం చెప్పారు. 30 రోజుల్లో మరణాలు ఎక్కించినవారిలో 10.0 శాతం, ఎక్కించనివారిలో 9.7 శాతం. ఏమీ లాభం లేదు. సెలైన్‌లో ఎక్కిస్తేనే పని చేయనిది గ్లాసులో కలిపి తాగిస్తే చేయదు. గ్లూకోజు పొడి, తేనె వద్దు. కొరత చక్కెరది కాదు, దాన్ని వాడుకునే కణానిది. పైగా 5.8 అంటే షుగర్ జబ్బు కాదు గానీ గట్టు మీద నిలబడ్డట్టే లెక్క. 5.7 నుంచి 6.4 వరకు ముందస్తు దశ అంటారు. మూడు నెలలకు మళ్ళీ హెచ్‌బీఏ1సీ చేయించండి.

ఇక రెండో అంకం. ఇది నెమ్మదిగా, వారాల తరబడి నడుస్తుంది, నొప్పి లేకుండా నడుస్తుంది. పంపింగ్ తగ్గేసరికి మూత్రపిండాలకు వచ్చే రక్తం తగ్గుతుంది. ఒంట్లో నీళ్లు తక్కువయ్యాయని అవి పొరబడి రెనిన్ అనే పదార్థాన్ని వదులుతాయి. దానివల్ల యాంజియోటెన్సిన్ 2, దానివల్ల ఆల్డోస్టెరోన్ అనే హార్మోన్లు పెరుగుతాయి. రక్తనాళాలు బిగుస్తాయి, ఉప్పు, నీరు ఒంట్లో నిలుస్తాయి. బలహీనపడ్డ గుండె మీద బరువు ఇంకా పెరుగుతుంది. అంతటితో ఆగితే కొంత నయం. ఈ రెండు హార్మోన్లు గుండె కండరాన్ని నేరుగా కూడా దెబ్బతీస్తాయి. దెబ్బ తగలని బాగున్న చోట కూడా నార పేరుకుంటుంది, గది సాగి గుండ్రంగా తయారవుతుంది. కణం లోపల ఇంధన వ్యవహారం కూడా మారిపోతుంది. ఇది ముదిరినకొద్దీ కొవ్వును మండించే ఎంజైములు తగ్గుతాయి, కణంలో శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలు దెబ్బతింటాయి, గ్లూకోజును సగంలో వదిలేసే పద్ధతి పెరుగుతుంది. మొదట్లో కొవ్వు ఎక్కువై ఇబ్బంది పడిన గుండె, కొన్నాళ్లకు కొవ్వును వాడుకునే శక్తినే పోగొట్టుకుంటుంది. అప్పుడు కీటోన్ల మీద ఎక్కువగా ఆధారపడుతుంది.

ఇప్పుడు ఆ నాలుగు మాత్రల సంగతి చూడండి.

మెటోప్రోలాల్ అడ్రినలిన్ మాటను గుండె చెవిన పడనివ్వదు. కొవ్వు కరగడం, గుండె వేగం, ఆక్సిజన్ గిరాకీ మూడూ తగ్గుతాయి. పంపింగ్ తగ్గినవారికి సక్సినేట్ రకం ఇస్తారు, అట్ట మీద అలా ఉందో లేదో చూసుకోండి. అది నెమ్మదిగా విడుదలయ్యే మాత్ర. గీత ఉంటే రెండుగా విరవొచ్చు గానీ నమలకూడదు, పొడి చేయకూడదు. దీన్ని హఠాత్తుగా ఆపడం అన్నిటికంటే ప్రమాదం. మందు వాడినన్నాళ్లూ అడ్రినలిన్‌ను పట్టుకునే గ్రాహకాలు కణం మీద పెరిగి కూర్చుంటాయి. మందు తీసేస్తే అదే అడ్రినలిన్ రెట్టింపు జోరుగా తగులుతుంది. రెండు రోజులు మానేసి మళ్ళీ ఛాతీ నొప్పితో వచ్చేవాళ్ళు ఉన్నారు.

రామిప్రిల్ యాంజియోటెన్సిన్ తయారీని, ఎప్లెరినోన్ ఆల్డోస్టెరోన్ పనిని అడ్డుకుంటాయి. ఈ జాతి మందుల సత్తా 1992లో క్యాప్టోప్రిల్‌తో చేసిన సేవ్ పరిశోధనలో తేలింది. గుండెపోటు తర్వాత పంపింగ్ 40 శాతం, అంతకంటే తక్కువ ఉన్నవారిలో మరణాలు 19 శాతం తగ్గాయి. 2003లో ఎఫెసస్ పరిశోధన ఎప్లెరినోన్‌తో మరో 15 శాతం తగ్గుదల చూపించింది. అందులోని వాళ్ళకూ పంపింగ్ 40 లోపే, దానికి తోడు గుండె వైఫల్యం లక్షణాలో షుగరో ఉన్నవాళ్ళు. బీపీ ఎక్కువ ఉందా లేదా అన్నది ఇక్కడ లెక్క కాదు. 106/70 ఉండి కళ్ళు తిరగకపోతే అది మంచి బీపీయే. పడుకుని లేచేటప్పుడు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని లేవమనండి. పై అంకె 90 కిందికి పోయినా, లేచినప్పుడు కళ్ళు చీకట్లు కమ్ముతున్నా డాక్టరుకు ఫోన్ చేయండి. చాలాసార్లు మాత్ర తీసేయకుండా, అన్నీ పొద్దున్నే వేసుకోకుండా ఒకటి రాత్రికి మారిస్తేనే సర్దుకుంటుంది.

ఈ రెండూ కలిస్తే వచ్చే చిక్కు పొటాషియం. మీరు గట్టిగా కాపలా కాయవలసింది దీన్నే. రామిప్రిల్, ఎప్లెరినోన్ రెండూ పొటాషియంను ఒంట్లో నిలబెడతాయి. మొదలుపెట్టిన వారంలోపు ఒకసారి, నెల నిండాక ఒకసారి, ఆ తర్వాత మూడు నెలలకొకసారి పొటాషియం, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పేది) పరీక్ష చేయించాలి. పొటాషియం 5.5 దాటితే మోతాదు తగ్గిస్తారు, 6 దాటితే ఎప్లెరినోన్ ఆపి వెంటనే చూస్తారు. పెరిగినా ముందుగా పెద్ద లక్షణం కనబడదు, నేరుగా గుండె లయ తప్పుతుంది. అందుకే ఒంట్లో బాగుందని పరీక్ష ఎగ్గొట్టొద్దు. కొబ్బరి బోండం ఒకదానిలో సుమారు అర గ్రాము పొటాషియం ఉంటుంది. ఎవరో చూడ్డానికి వచ్చి రోజుకు రెండేసి బోండాలు కొట్టించి తాగించడం మన దగ్గర మామూలే, మర్యాదగా వద్దనండి. 'లో సోడియం' ఉప్పు ప్యాకెట్లలో సోడియం బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు, అది కొనొద్దు. మామూలు ఉప్పే వాడండి, కానీ రోజుకు అన్నీ కలిపి ఒక టీ చెంచా, అంటే 5 గ్రాములు. ఆవకాయ, ఉప్పు చేప ఈ లెక్కను ఒక్క ముద్దలో తినేస్తాయి. చేపల పులుసు తినొచ్చు, పులుసు కాస్త తక్కువ పోసుకుని ముక్క తినమనండి.

మోకాళ్ళ నొప్పికో నడుం నొప్పికో డైక్లోఫెనాక్ సూది వేయించుకోవద్దు. ఐబుప్రోఫెన్, అసిక్లోఫెనాక్ మాత్రలూ అంతే. అవి మూత్రపిండాలకు రక్తం తగ్గిస్తాయి, ఉప్పు నిలబెడతాయి, పొటాషియం పెంచుతాయి, గుండెపోటు మళ్ళీ వచ్చే అవకాశం పెంచుతాయి. నొప్పికి పారాసిటమాల్ చాలు. ఆర్‌ఎంపీ గారికి ఈ ఒక్క ముక్క స్పష్టంగా చెప్పి పెట్టండి, మంచి మనిషైతే పాటిస్తారు.

డాపాగ్లిఫ్లోజిన్ దగ్గరికి వద్దాం. ఇది మూత్రపిండాల్లో గ్లూకోజును వెనక్కి పీల్చే పంపును ఆపుతుంది. గ్లూకోజు, దాంతో పాటు కాస్త ఉప్పు, నీరు మూత్రంలో పోతాయి. షుగర్ లేనివారికి రక్తంలో చక్కెర పడిపోదు, ఎందుకంటే పోయిన మేరకు కాలేయం తయారుచేసి సర్దుతుంది. ఆ సర్దుబాటులో ఇన్సులిన్ కొద్దిగా తగ్గి, కీటోన్లు కొద్దిగా పెరుగుతాయి. అలసిన గుండె వాటిని వాడుకుంటుంది. లాభమంతా దానివల్లే అనుకోకండి, నీరు, ఉప్పు తగ్గడం, మూత్రపిండాల రక్షణ కూడా కలిసి ఉంటాయి. పంపింగ్ 40 శాతం లోపు ఉండి గుండె వైఫల్యం ఉన్నవారిలో, షుగర్ ఉన్నా లేకపోయినా, వైఫల్యం ముదరడం లేదా గుండె జబ్బు మరణం 26 శాతం తగ్గినట్టు 2019లో డాపా హెచ్‌ఎఫ్ పరిశోధన చూపించింది. గుండెపోటు వచ్చిన కొత్తలోనే మొదలుపెడితే అంత స్పష్టమైన ఫలితం రాలేదు. ఇదే జాతి మందు ఎంపాగ్లిఫ్లోజిన్‌తో 2024లో వచ్చిన ఫలితాల్లో మరణాలు తగ్గలేదు, గుండె వైఫల్యంతో ఆస్పత్రిలో చేరడం తగ్గింది. 38 శాతం ఉన్న మనిషికి అది చిన్న లాభమేం కాదు.

దీనితో మీ ఊళ్ళో జరగబోయే పొరపాటు ముందే చెబుతాం. ఎక్కడైనా మూత్ర పరీక్ష చేస్తే చక్కెర మూడు నాలుగు ప్లస్‌లు చూపిస్తుంది. ఆ మందు చేసే పనే అది. ఆ కాగితం చూసి షుగర్ వచ్చిందని గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర మొదలుపెడితే, లేని జబ్బుకు మందు వేసి చక్కెర పడిపోయేలా చేసినట్టే. షుగర్ ఉందో లేదో రక్త పరీక్షతోనే తేల్చాలి. ఇంకొకటి, మూత్రంలో చక్కెర వల్ల మర్మాంగం దగ్గర దురద, ఫంగస్ రావచ్చు. ప్రతిసారీ నీళ్ళతో కడుక్కుని తడి లేకుండా తుడుచుకుంటే చాలావరకు రాదు. వస్తే సిగ్గుపడి దాచుకోవద్దు, పూత మందుతో తగ్గుతుంది.

వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు, జ్వరంతో అన్నం దిగని రోజు డాపాగ్లిఫ్లోజిన్ ఆపి, అదే పూట డాక్టరుకు ఫోన్ చేసి రామిప్రిల్, ఎప్లెరినోన్ సంగతి అడగండి. నీరు పోయిన ఒంట్లో ఈ మూడూ కలిస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయి. మామూలుగా తిని తాగడం మొదలయ్యాక ఒకటి రెండు రోజులకు తిరిగి వేసుకోవచ్చు. ఆపరేషన్ ఏదైనా ఉంటే మూడు రోజుల ముందే డాపాగ్లిఫ్లోజిన్ ఆపిస్తారు. శివరాత్రి ఉపవాసం, జాగారం రెండూ ఈ ఏడు మానుకోవాలి. కడుపు మాడ్చుకుంటే కీటోన్లు హద్దు దాటే ప్రమాదం ఉంది, అప్పుడు రక్తంలో చక్కెర మామూలుగా ఉన్నా కడుపునొప్పి, వాంతి, ఎగశ్వాస వస్తాయి. రోహిణి కార్తె ఎండల్లోనూ ఇదే జాగ్రత్త. ఎన్ని నీళ్లు తాగాలో, మాత్రల మోతాదు తగ్గించాలో లేదో మే నెల మొదట్లోనే డాక్టరును అడిగి పెట్టుకోండి.

థైరాయిడ్ మాట. పెద్ద జబ్బు చేసినప్పుడు ఒళ్ళు టీ4ను చురుకైన టీ3గా మార్చడం తగ్గించి, పనికిరాని రివర్స్ టీ3గా మారుస్తుంది. టీఎస్‌హెచ్ మామూలుగా ఉండి టీ3 తగ్గితే చాలావరకు కారణం ఇదే, థైరాయిడ్ గ్రంథి జబ్బు కాదు. గుండెపోటు తర్వాత థైరాయిడ్ కాస్త మందగించినవారికి థైరాక్సిన్ ఇచ్చి చూసిన పరిశోధన 2020లో వచ్చింది. ఏడాది ఇచ్చినా పంపింగ్ మెరుగుపడలేదు. అనవసరంగా వాడితే గుండె దడ, లయ దోషం. పైగా యాంజియోగ్రామ్‌లో ఎక్కించే రంగు మందులో అయోడిన్ ఉంటుంది, అది కూడా కొన్ని వారాలు ఈ అంకెలను కదిలించగలదు. ఆరు నుంచి ఎనిమిది వారాలాగి మళ్ళీ చేయించండి, అప్పటికి చాలామందికి సర్దుకుంటుంది.

ట్రైమెటాజిడిన్ ఆలోచన తప్పు కాదు. కొవ్వును మండించే వరసలో చివరి ఎంజైమును కాస్త ఆపి గుండెను గ్లూకోజు వైపు మళ్ళించే మందు అది. కానీ స్టెంట్ వేయించుకున్న 6,007 మంది మీద చేసి 2020లో ప్రచురించిన పరిశోధనలో గుండె సంఘటనలు తగ్గలేదు. మందులు సరిగా వాడుతున్నా ఛాతీ నొప్పి మిగిలినవారికి డాక్టరు కలపొచ్చు. బలానికని పక్కింటి అట్ట లోంచి వేసుకునేది కాదు. చేతులు వణకడం, నడక తడబడడం తెచ్చిపెట్టే గుణమూ దానికి ఉంది.

38 అన్న అంకె చూసి కుంగిపోవద్దు. రక్తం తిరిగి అందినా కొంత కండరం చావకుండా, పని మాత్రం చేయకుండా మొద్దుబారి ఉంటుంది. రోజుల నుంచి వారాల్లో అది మేలుకుంటుంది. అందుకే ఎకో (గుండె స్కానింగ్) 40 రోజుల తర్వాత, వీలైతే మూడు నెలలకు మళ్ళీ తీయించాలి. మందులన్నీ సరిగా వాడాక కూడా 35 లేదా అంతకంటే తక్కువే ఉంటే, ప్రాణాంతక లయ దోషాన్ని ఆపే ఐసీడీ పరికరం గురించి మాట్లాడతారు. అప్పటిదాకా రోజూ పొద్దున మూత్రానికి వెళ్ళొచ్చి, ఏమీ తినకముందు బరువు చూసి క్యాలెండర్ మీద రాయండి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగినా, పాదాలు వాచినా, రాత్రి దిండు ఎత్తు పెంచితే గానీ ఊపిరి ఆడకపోయినా ఒంట్లో నీరు చేరుతున్నట్టే, అదే రోజు చూపించాలి. రక్తం గడ్డకట్టనివ్వని టికాగ్రెలార్ వల్ల కూడా కొందరికి అప్పుడప్పుడు ఊపిరి అందనట్టు ఉంటుంది. అది దాని దుష్ప్రభావమా కాదా అన్నది డాక్టరు తేల్చాలి, మీరు ఆపొద్దు. ఆపితే కొత్త స్టెంట్ పూడుకుపోవచ్చు. ఛాతీ నొప్పి 10 నిమిషాలు తగ్గకపోతే 108.

నడక మొదటి వారం రోజుకు రెండుసార్లు 5 నుంచి 10 నిమిషాలు. వారానికి కాస్త కాస్త పెంచి నాలుగు నుంచి ఆరు వారాల్లో అరగంటకు తేవచ్చు. మెటోప్రోలాల్ వల్ల నాడి పెరగదు కాబట్టి నాడి చూసి లెక్క వేయొద్దు. నడుస్తూ మాట్లాడగలగాలి, అదే కొలత.

బ్యారన్‌కు ఈ సీజన్ వద్దు. చుట్ట, బీడీ మానితే సరిపోతుందని రైతులు అనుకుంటారు. నికోటిన్ అడ్రినలిన్‌ను నేరుగా వదిలిస్తుంది కాబట్టి అవి మానడం తప్పనిసరే. అయితే పచ్చి ఆకు మీది నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది, మంచుకు తడిసిన ఆకు కొట్టేటప్పుడు ఇంకా ఎక్కువ. ఆకు కొట్టిన రోజు వాంతి, తలతిప్పు, దడ వచ్చేది దానివల్లే. ఇక క్యూరింగ్ చివర్లో వేడి 70 డిగ్రీల దాకా పోయే గది దగ్గర, నిద్ర లేకుండా, నాళాలను సడలించే మందులు వేసుకున్న మనిషి నిలబడితే కళ్ళు తిరిగి పడతాడు. నిద్ర మేలుకోవడం కూడా అడ్రినలిన్‌ను, కార్టిసాల్‌ను పెంచేదే. ఆరు వారాల తర్వాత డాక్టరు సరేనంటే వేలం కేంద్రానికి పోయి కూర్చుని ధర చూసుకుని రావచ్చు, బేళ్ళు మాత్రం ఎత్తకూడదు. వచ్చే సీజన్ సంగతి మూడు నెలల ఎకో చూశాక మాట్లాడుకోవాలి. అప్పుడు కూడా మంచు ఆరాక, పొడుగు చేతుల చొక్కా, నీళ్ళు దిగని చేతి తొడుగులు వేసుకునే ఆకులో అడుగు పెట్టాలి. పొయ్యి దగ్గర రాత్రి కాపలా వేరేవాళ్ళకు అప్పగించండి.